వాలు ఎంత? మొదలు ఎక్కడ?

పత్తి అమ్ముకోవడానికి కొనుగోలు కేంద్రానికి వెళ్లిన రైతుకు ముందుగా ఎదురయ్యేది కాటా కాదు, తేమ మీటరు. దాని మొనను పత్తిలోకి గుచ్చుతారు. 9 అనో, 11 అనో ఒక అంకె పడుతుంది. ఆ అంకె కోసం రైతు చూసే చూపూ, పరీక్ష ఫలితాల రోజున పిల్లలు చూసే చూపూ ఒకటే.

ఆ అంకె వెనక ఒక సరళరేఖ ఉంది. వాలు, అంతరఖండం అంటూ ఇంటర్ పిల్లలు బట్టీ పట్టే సరళరేఖే అది. ఈ వారం దాన్ని పుస్తకంలోంచి బయటికి లాగి చిలకలూరిపేట తీసుకెళదాం. చుట్టుపక్కల వాళ్లకి అది ఉత్త 'పేట'. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద, పత్తి, మిరప పండే నల్లరేగడి నేలల మధ్య ఉంది. దగ్గర్లోని గణపవరం నిండా స్పిన్నింగ్ మిల్లులు. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత పల్నాడు జిల్లా. జిల్లా మారినా లెక్క మారలేదు లెండి.

2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అయితే అది తేమ 8 శాతం ఉన్నప్పుడు. ఆపైన ఒక్కో శాతం తేమకు ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు కోస్తారు. తేమ 12 శాతం దాటితే సీసీఐ అసలు కొనదు.

ఇప్పుడు ఈ రూలు మనకు తెలియదనుకుందాం. చేతిలో రెండు చీటీలు మాత్రమే ఉన్నాయి. ఒకాయన పత్తిలో తేమ 9 శాతం, వచ్చిన ధర 8,028.90. ఇంకొకాయనకు తేమ 12 శాతం, ధర 7,785.60. ఈ రెండు చీటీలతో రూలంతా రాబట్టవచ్చా? వచ్చు. రెండు బిందువులు దొరికితే వాటి గుండా వెళ్లే సరళరేఖ ఒక్కటే ఉంటుంది. అందుకే రెండు చీటీలు చాలు. మూడోది ఉంటే సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ముందు వాలు. తేమ 9 నుంచి 12కి, అంటే 3 శాతం పెరిగింది. ధర 243 రూపాయల 30 పైసలు తగ్గింది. 243.30ని 3తో భాగిస్తే 81.10. తగ్గింది కాబట్టి ముందు మైనస్ గుర్తు. అంతే, వాలు మైనస్ 81.10. నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగించడం తప్ప వాలులో మరే బ్రహ్మవిద్యా లేదు. 'అడ్డంగా ఒక్క అడుగు వేస్తే నిలువున ఎంత మారింది?' అన్నదే ప్రశ్న.

ఇక్కడే పిల్లలు ఎక్కువగా జారిపడతారు. ధరలు తీసివేసేటప్పుడు రెండో చీటీలోంచి మొదటిది తీసేసి, తేమ దగ్గరికొచ్చేసరికి మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తారు. గుర్తు తిరగబడి వాలు ప్లస్ అవుతుంది. అంటే తేమ పెరిగేకొద్దీ ధర పెరుగుతుందన్నమాట! నిజంగా అలాంటి కేంద్రం ఉంటే రైతులందరూ బిందెలతో నీళ్లు చల్లుకుని మరీ వస్తారు. లెక్క చేశాక జవాబును ఇలా ఒకసారి ఊళ్లోకి తీసుకెళ్లి చూస్తే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ఇక అంతరఖండం. తేమ సున్నా అయితే ధర ఎంత? 9 శాతం దగ్గర 8,028.90. అక్కణ్నుంచి తొమ్మిది అడుగులు వెనక్కి నడవాలి. ఒక్కో అడుగుకీ 81.10 కలుస్తుంది. తొమ్మిదికి 729.90. మొత్తం 8,758 రూపాయల 80 పైసలు. వై అక్షాన్ని మన రేఖ తాకేది అక్కడే. ఇప్పుడు సమీకరణం రాసేయొచ్చు: ధర = 8,758.80 - 81.10 × తేమ. ఎక్స్ చోట 8 వేసి చూడండి, కచ్చితంగా 8,110 వస్తుంది.

మరి ఈ 8,758.80 ఎవరికైనా ఇస్తారా? ఇవ్వరు. బొత్తిగా తేమ లేని పత్తి యార్డుకు రాదు. ఆ ధర ఏ చీటీ మీదా కనపడదు. గోడకు పటం తగిలించాలంటే మేకు కావాలి కదా, ఈ అంతరఖండం అలాంటి మేకు. పటంలో మేకు కనపడదు, కానీ పటం నిలిచేది దాని మీదే. అన్ని అంతరఖండాలూ ఇలా ఉత్త మేకులు కావు. కొన్ని మనిషి మెడకు చుట్టుకుంటాయి. అక్కడికే వస్తున్నాను.

అంతకుముందు 'వాలు' అనే మాట గురించి ఒక్క ముక్క. మన ఇళ్లల్లో ఈ మాట ఎప్పుడూ కిందికే చూస్తుంది. పొద్దు వాలింది అంటాం, పిట్ట చెట్టు మీద వాలింది అంటాం, వాలు కుర్చీలో వెనక్కి వాలతాం. అందుకే వాలు ప్లస్ అంటే రేఖ పైకి ఎక్కుతున్నదని చెప్పగానే పిల్లలు తికమకపడతారు. వాళ్ల తప్పు లేదు. తెలుగు మాట ఒక దిక్కున లాగుతుంటే లెక్క ఇంకో దిక్కున లాగుతోంది. ఎడమ నుంచి కుడికి నడుస్తూ ఎక్కితే ప్లస్, దిగితే మైనస్, చదునైతే సున్నా అని ఒక్కసారి నడిచి చూపిస్తే సరిపోతుంది. పేట పక్కనున్న పురుషోత్తమపట్నం నుంచి శివరాత్రికి ప్రభలు కట్టుకుని కోటప్పకొండకు వెళతారు. అక్కడ కొండెక్కడానికి మెట్లదారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. ఎక్కే ఎత్తు రెండింటికీ ఒకటే. మెట్లదారి తక్కువ దూరంలోనే ఎక్కిస్తుంది, అందుకే వాలు ఎక్కువ, ఆయాసమూ ఎక్కువే. ఘాట్ రోడ్డు అదే ఎత్తును చుట్టు తిప్పి ఎక్కిస్తుంది, వాలు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారికి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు.

బీజగణితాన్నీ రేఖాగణితాన్నీ ఇలా ఒకచోట కలిపిన పుస్తకాల్లో ముందు చెప్పుకోవలసింది ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1637లో అచ్చువేసిన 'జ్యామితి'. వాలుకు 'ఎం' అనే అక్షరమే ఎందుకు వచ్చిందంటే, ఫ్రెంచిలో ఎక్కడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని ఒక కథ చెబుతారు. దానికి ఆధారం లేదు. పైగా ఆ ఫ్రెంచివాళ్లే వాలుకు 'ఏ' అని రాసుకుంటారు! మనం వై = ఎంఎక్స్ + సి అంటే, అమెరికా బడిలో చదివే మన మనవలు వై = ఎంఎక్స్ + బి అంటారు. సెలవులకు వచ్చిన మనవడు 'తాతయ్యా, సి కాదు, బి' అంటే కంగారు పడకండి. ఇద్దరిదీ ఒకటే గీత.

ఇప్పుడు వడ్డీ దగ్గరికి వద్దాం. లక్ష రూపాయలు 'రెండు రూపాయల వడ్డీ'కి తెచ్చామంటాం. నూటికి నెలకు రెండు రూపాయలని ఎవరూ విడమరిచి చెప్పరు, అందరికీ తెలుసు. ఏడాదికి 24 శాతం అంటే ఉలిక్కిపడేవాళ్లు కూడా రెండు రూపాయలంటే మామూలుగానే తీసుకుంటారు. మనవాళ్లు వడ్డీని చెప్పే పద్ధతే వాలు చెప్పే పద్ధతి. ఒక్క నెల ముందుకు నడిస్తే నూటికి ఎంత ఎక్కుతుంది? రెండు. లక్షకు రెండు వేలు. ఇక అసలు ఉంది చూశారూ, అది అంతరఖండం. సున్నా నెలల దగ్గర, అంటే నోటు రాసిన రోజున ఉన్న అప్పు. బాకీ = 1,00,000 + 2,000 × నెలలు.

బ్యాంకు పంట రుణం సంగతి వేరు. మూడు లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టేస్తే 3 శాతం రాయితీ పోను 4 శాతం. దాన్ని మన భాషలోకి మారిస్తే నూటికి నెలకు 33 పైసలు. లక్షకు నెలకు 333 రూపాయలు. రెండు అప్పులూ లక్ష దగ్గరే మొదలయ్యాయి, అంతరఖండం ఒకటే. కానీ ఒకటి ఘాట్ రోడ్డు, ఇంకొకటి మెట్లదారి. వాలులో తేడా ఆరు రెట్లు.

ప్రైవేటు అప్పులో ఇంకో మెలిక ఉంది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఆ గడువు దగ్గరపడగానే నోటు తిరగరాస్తారు. మూడేళ్లకు లక్షకు వడ్డీ 72 వేలు అయింది. కొత్త నోటు 1,72,000కి రాస్తారు. వడ్డీ అదే రెండు రూపాయలు. 'వడ్డీ ఏమీ పెంచలేదు గదా' అంటారు కూడా. కానీ అంతరఖండం పెరిగింది కాబట్టి నెలకు ఎక్కేది 2,000 కాదు, 3,440. మొదటి గీత అలాగే సాగి ఉంటే ఆరేళ్లకు 2,44,000 అయ్యేది. మధ్యలో ఒక్కసారి తిరగరాసిన నోటు మీద అది 2,95,840. మాట మార్చకుండానే గీతను విరిచి నిటారుగా నిలబెట్టారు. ఇంట్లో అప్పు నోటు ఉన్నవాళ్లు ఈ లెక్కను పిల్లల చేత వేయించండి. పిల్లలకు సమీకరణం వస్తుంది, మీకు బాకీ తెలుస్తుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది సేద్యం లెక్క. పత్తి గురించి నలుగురు కూర్చుంటే మాట ఎప్పుడూ ధర మీదే నడుస్తుంది. క్వింటాలు ఎంత పలికింది, నిరుటి కంటే పెరిగిందా, తగ్గిందా? ధర అంటే వాలు. ఒక్క క్వింటాలు ఎక్కువ పండితే చేతికి ఎంత ఎక్కువ వస్తుందో చెప్పేది అదే. అంతరఖండాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఒక ఎకరం లెక్క వేద్దాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. క్వింటాలుకు ధర 8,000. తీత కూలి క్వింటాలుకు 1,500. మిగిలేది 6,500, ఇది వాలు. దుక్కి, విత్తనం, ఎరువులు, మందులు కలిపి పెట్టుబడి 26,000. ఇది కాయ పగలకముందే పెట్టేసిన డబ్బు. కాబట్టి సొంత పొలం రైతు గీత సున్నా దగ్గర మొదలు కాదు, సున్నాకు 26,000 కింద మొదలవుతుంది. అంతరఖండం మైనస్ 26,000. క్వింటాలుకు 6,500 చొప్పున ఎక్కుతూ వస్తే నాలుగు క్వింటాళ్ల దగ్గర గీత ఎక్స్ అక్షాన్ని దాటుతుంది. అక్కణ్నుంచి లాభం.

పక్క చేలో కౌలు రైతు. ఆయనకూ అదే వాన, అదే విత్తనం, అదే ధర. కాకపోతే ఎకరాకు 19,500 కౌలు ముందే కట్టాడు. ఆయన గీత మైనస్ 45,500 దగ్గర మొదలవుతుంది. సున్నా దాటడానికి ఏడు క్వింటాళ్లు పండాలి. ఆ ఏడు ఇద్దరికీ ఎకరాకు ఆరు క్వింటాళ్లే వచ్చాయనుకోండి. సొంత రైతుకు 13,000 మిగిలాయి. కౌలు రైతుకు 6,500 నష్టం.

ఈ రెండు గీతలూ ఒకే కాగితం మీద గీయండి. వాలు ఒకటే, అంతరఖండాలు వేరు. అంటే సమాంతర రేఖలు. ఎంత దూరం పొడిగించినా వాటి మధ్య ఎడం ఆ 19,500 దగ్గర్నుంచి కదలదు. 'పండితే అందరూ బాగుపడతారు' అనే మాట మనం వింటూనే ఉంటాం. పండితే ఇద్దరూ పైకి వెళతారు, నిజమే. ఇద్దరి మధ్య దూరం మాత్రం అలాగే ఉంటుంది. ధర 500 పెరిగిందనుకుందాం. వాలు 7,000 అవుతుంది, కౌలు రైతు ఏడు క్వింటాళ్ల బదులు ఆరున్నర దగ్గర గట్టెక్కుతాడు. అరక్వింటాలు కలిసొచ్చింది. అదే కౌలు 3,250 తగ్గినా ఆయనకు సరిగ్గా ఆ అరక్వింటాలే కలిసొస్తుంది. ధర గురించి ధర్నాలు జరుగుతాయి. కౌలు గురించి మాట చాలాసార్లు ఇద్దరి మధ్యే, అరుగు మీదే తేలిపోతుంది.

పోనీ ఆ పెట్టుబడైనా చౌక అప్పుతో వస్తుందా అంటే, పాస్ పుస్తకం ఆయన పేరున లేదు. 2011లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం చేసింది. దాని ప్రకారం 11 నెలల ఒప్పందం మీద కార్డు ఇస్తారు, కానీ పొలం యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. కార్డు లేనివాడికి బ్యాంకు 33 పైసల గీత దొరకదు, రెండు రూపాయల గీతే గతి. అంటే ఆయన లాభం గీత లోతులో మొదలవుతుంది, అప్పు గీత నిటారుగా ఎక్కుతుంది.

అంతరఖండం మీద జరిగిన పోట్లాట మన రాష్ట్రంలో ఒకటి గుర్తుంచుకోదగ్గది ఉంది. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. మొదట్లో 450 గ్రాముల విత్తన ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైమాటే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ధర మీద ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా వెళ్లింది. ప్యాకెట్టు 750కి దిగింది. క్వింటాలు ధర మీద ఆ పోరాటం పైసా పెంచలేదు. గీత మొదలయ్యే చోటును పైకి జరిపింది, అంతే. ప్యాకెట్లు ఎన్ని కొంటే అన్నిసార్లు ఆ మేలు.

దీనికి తిరగబడ్డ కథ 1987-88లో జరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ కమ్ముకుంది. దోమ చావడం లేదని మళ్లీ మళ్లీ మందు కొట్టారు. కొట్టిన ప్రతి డబ్బాతోనూ అంతరఖండం ఇంకా కిందికి దిగింది. మరోపక్క దిగుబడి పడిపోయి ఎక్స్ సున్నా వైపు జారిపోయింది. గీత సున్నాను దాటాల్సిన చోటు కుడివైపుకి, పంట ఎడమవైపుకి. ఆ మధ్యనున్న ఖాళీ అంతా అప్పే. ఆ అప్పులు తీర్చే దారిలేక పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఈ నేల మీద పత్తి రైతుల ఆత్మహత్యలు పెద్ద ఎత్తున వార్తల్లోకెక్కింది అప్పుడే.

అన్ని లెక్కలూ ఇంత బరువుగా ఉండవు. మిరపకాయల కోల్డు స్టోరేజీలో సీజను మొత్తానికి బస్తాకు ఇంత అని అద్దె తీసుకుంటారు. ఒక నెల ఉంచినా, ఆరు నెలలు ఉంచినా అంతే. నెలలు అడ్డంగా, అద్దె నిలువుగా వేసి గీత గీస్తే బల్లపరుపుగా వస్తుంది. వాలు సున్నా. రేటు కోసం ఎదురుచూసే రైతు 'ఇంకో నెల ఆగుదాం' అని తేలిగ్గా అనడానికి అదొక కారణం. కానీ అదే నెలలో అప్పు గీత మాత్రం పడుకోదు. ఇక స్పిన్నింగ్ మిల్లు వాళ్లు దూదిని క్యాండీల్లో కొలుస్తారు. క్యాండీ అంటే 356 కిలోలు. సున్నా క్యాండీలకు సున్నా కిలోలు కాబట్టి ఆ గీత మూలబిందువు గుండానే వెళుతుంది. అంతరఖండం సున్నా.

ఒక జాగ్రత్త. కాగితం మీద గీతకు అంతం లేదు, బయట ఉంటుంది. తేమ రేఖ 12 దగ్గర ఠక్కున ఆగిపోతుంది. సమీకరణంలో 13 వేస్తే 7,704.50 అని ముచ్చటగా జవాబొస్తుంది. కేంద్రంలో వచ్చే జవాబు 'తిరిగి తీసుకెళ్లు' అని. పత్తి తీసే రోజుల్లో తుపాను పట్టిందంటే 12 దాటడం ఎంతసేపు? అప్పుడు ఆ బండి వెళ్లేది దళారి దగ్గరికి. అక్కడ ఏ గీతా ఉండదు, ఆయన చెప్పిందే ధర. తేమ పరిమితి సడలించమని వానలు పడ్డప్పుడల్లా రైతులు అడిగేది, లెక్కల భాషలో చెప్పాలంటే, గీతను ఇంకొంచెం పొడిగించమని.

పిల్లలకు వచ్చే ఆదివారం దాకా ఒక లెక్క. ట్రాలీ ఆటో ఆయన 12 మిరప బస్తాలు యార్డుకు చేర్చడానికి 2,100 తీసుకున్నాడు. ఇంకో రోజు అదే దారిలో 20 బస్తాలకు 2,900 తీసుకున్నాడు. బస్తాకు ఆయన వేస్తున్నది ఎంత? బస్తా ఎక్కించకపోయినా ఇవ్వాల్సింది ఎంత? 30 బస్తాలకు ఎంత అవుతుంది? మూడోదానికి జవాబు రాసేముందు, ఆ ఆటోలో 25 బస్తాలే పడతాయని గుర్తుపెట్టుకోండి.